వానను రాయనివ్వని కంప్యూటర్

అనంతపురంలో కంప్యూటర్ కోర్సు ముగించిన ఆర్నెల్లకు నాకు దొరికిన మొదటి ఉద్యోగం వాన లెక్కలకు సంబంధించినది. జిల్లాలో ఏ ఊర్లో ఎంత వాన పడిందో చూసి రైతులకు బులెటిన్ అచ్చు వేసివ్వాలి. ఆ మాట చెబితే మా నాయన చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టి, "మన జిల్లాలో ఆ పనికి రోజూ పోవాల్నా? వారానికి ఒకనాడు పోతే సాలదా?" అని అడిగాడు. ఆయన ఎగతాళి చేయడం లేదు. గార్లదిన్నె దగ్గర మా పల్లె నుంచి రోజూ బస్సులో పోయి రావాలి కదా అని నిజంగానే ఆలోచించాడు.

అది రైతులతో పనిచేసే చిన్న సంస్థ. ఊరి చివర ఒక అద్దె ఇంట్లో ఉండేది. రెండు వేల సంవత్సరం దాటి ఒకటి రెండేళ్లయి ఉంటుంది. సంస్థవాళ్లు కొన్ని ఊర్లలో వాన కొలిచే డబ్బాలు పెట్టించారు. ఒక్కో ఊర్లో ఒక్కో మనిషి వాటిని చూసుకునేవాడు. యాడికిలో ఒక దర్జీ, నల్లమాడలో ఒక అంగడాయన, ఇంకో చోట ఒక టీచరు. పొద్దున ఎనిమిదిన్నరకు డబ్బాలోని నీళ్లను కొలగ్లాసులో పోసి చూసి, ఎస్టీడీ బూతు నుంచి మాకు ఫోన్ చేయాలి. వాన పడినప్పుడల్లా, పడకపోతే వారానికొకసారి మేము బులెటిన్ తీసి బస్టాండుల్లో, పాలకేంద్రాల దగ్గర గోడలకు అంటించేవాళ్లం. శనక్కాయ విత్తడానికి నేలలో సరిపడా తడి, అంటే పదును, ఉందో లేదో కూడా అందులో రాసేవాళ్లం.

ఫోన్లు తీసుకునే ఆయనను అందరూ వానల సారు అనేవారు. రిటైరైన తెలుగు పండితుడు. అరవై దాటాయి. ఎంత ఎండలోనూ పొడుగుచేతుల చొక్కా గుండీలు మణికట్టు దాకా పెట్టుకునేవారు. ముందు పెద్ద రిజిస్టర్లో రాసుకొని, తర్వాత రెండు వేళ్లతో కంప్యూటర్లోకి ఎక్కించేవారు. వాన పడని రోజు రిజిస్టర్లో స్కేలు పెట్టి చిన్న గీత గీసేవారు. కంప్యూటర్లో మాత్రం ఆ గడి ఖాళీగా వదిలేసేవారు. ఏమీ లేనిదాన్ని టైపు చేయడం ఎందుకని ఆయన అభిప్రాయం.

ఆఫీసులో మూడు కంప్యూటర్లు ఉండేవి. ఒకటి వానల సారుది, ఒకటి నాది, మూడోది ఊర్లు తిరిగే కోఆర్డినేటర్ అన్నది. 'రెయిన్' అనే ఫైలు సారు కంప్యూటర్లో ఉండేది. మేమిద్దరం నీలం వైరు మీదుగా మా మా కంప్యూటర్ల నుంచే దాన్ని తెరిచేవాళ్లం. ఆ వైర్లు వేసిన ఆయన పని ముగించి బెంగుళూరులో ఉద్యోగానికి వెళ్లిపోతూ, తన ఫోన్ నంబరు పెన్సిలుతో గోడ మీద రాసి పెట్టాడు.

కోఆర్డినేటర్ అన్న మంచివాడు గానీ తొందర మనిషి. జీపు ఎంత వేగంగా తోలేవాడో టైపు కూడా అంతే వేగంగా కొట్టేవాడు. వానల సారు ఒకనాడు పెళ్లికి పోతే, యాడికి దర్జీ ఫోన్ ఈయనే తీసుకొని, సారు వచ్చేదాకా ఆగకుండా తన కంప్యూటర్ నుంచే ఫైలు తెరిచి అంకె కొట్టేశాడు. ఒక గడి కిందకు కొట్టాడు. ఆ లిస్టులో యాడికి కింద నల్లమాడ ఎందుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. యాడికి ఎక్కడో తాడిపత్రి పక్క, నల్లమాడ ఎక్కడో కదిరి పక్క. నేను కూడా చూసుకోకుండా బులెటిన్ అచ్చు వేశాను. నల్లమాడలో మంచి వాన కురిసింది, రైతులు విత్తనం వేసుకోవచ్చు అని పెద్ద అక్షరాల్లో వచ్చింది.

మూడో రోజు నల్లమాడ నుంచి ఇద్దరు రైతులు బస్సు దిగి నేరుగా ఆఫీసుకు వచ్చారు. గోడ మీద నుంచి పీకిన బులెటిన్ చేతిలో ఉంది. దాని వెనక మైదా జిగురు ఇంకా అంటుకొనే ఉంది. వాళ్లు కోపంగా ఏమీ లేరు. వాళ్లలో పెద్దాయన కుర్చీలో కూర్చొని, నీళ్లు తాగి, నిదానంగా అడిగాడు.

"మా ఊర్లో మంచి వాన పడిందని రాసినారు కదమ్మా. మేం ఊర్లోనే ఉండాము. యాడ పడిందో జాగా చెప్తే పోయి విత్తుకుంటాం."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వాళ్లను సాగనంపి లోపలికి వస్తుండగానే యాడికి దర్జీ ఫోన్ చేసి, తాను చెప్పిన వాన ఏమైందని అడిగాడు. ఊర్లో వాళ్లంతా అతన్నే నిలదీస్తున్నారట, వాన మొత్తం అతనే మింగేసినట్టు.

సంస్థను నడిపే మేడం ఆ మధ్యాహ్నమే మీటింగు పెట్టారు. కోఆర్డినేటర్ అన్న తప్పు ఒప్పుకున్నాడు. వానల సారు మాత్రం ఆ రోజు నుంచి అన్నతో మాట్లాడటం మానేశారు. ఏదైనా చెప్పాల్సి వస్తే నా వైపు చూసి చెప్పేవారు. అన్న కూడా జవాబు నాకే చెప్పేవాడు. మధ్యలో నేను తల ఊపుతూ కూర్చునేదాన్ని. ఇక మీద రెయిన్ ఫైలును ఎవరైనా చూడొచ్చు గానీ, సారు తప్ప ఇంకెవరూ అందులో రాయడానికి వీల్లేకుండా చేయమని మేడం నాతో చెప్పారు.

నాకు చాలా సంతోషమైంది. అప్పటిదాకా అచ్చు వేయడం, ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగడం తప్ప నా చదువుకు తగిన పని రాలేదు. కోర్సులో ఇచ్చిన పుస్తకం ముందు పెట్టుకొని సారు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫైలు ఉన్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొడితే సెక్యూరిటీ అని ఒక పేజీ వస్తుంది. అందులో మనుషుల పేర్లు, పక్కన రెండు వరుసల గడులు ఉంటాయి. ఒకటి అలౌ, అంటే అనుమతి. రెండోది డినై, అంటే కూడదని చెప్పడం. నా ఆలోచన చాలా సులువు. ముందు అందరినీ ఆపాలి, తర్వాత సారు ఒక్కరినీ లోపలికి రానివ్వాలి. పేర్లలో 'ఎవ్రీవన్' అని ఉంది. దాని పక్కన, రాయడానికి సంబంధించిన డినై గడిలో టిక్కు పెట్టాను. కింద సారు పేరు చేర్చి అన్నిటికీ అలౌ ఇచ్చాను. ఓకే నొక్కగానే పసుపు త్రికోణంతో మూడు నాలుగు వరుసల ఇంగ్లీషు వచ్చింది. కింద ఎస్, నో అని ఉన్నాయి. నేను ఎస్ నొక్కాను. చదవలేదు. అటువంటివి వచ్చినప్పుడు ఎస్ నొక్కాలని మాకు కోర్సులో అలవాటైపోయింది.

పోయి కోఆర్డినేటర్ అన్న కంప్యూటర్లో పరీక్షించాను. ఫైలు తెరుచుకుంది. ఒక అంకె కొట్టి సేవ్ చేయబోతే వీల్లేదంది. నాకు లోపల గంతులేయాలనిపించింది. అన్న నా భుజం మీదుగా తొంగిచూసి, అది ఎవరిని వద్దంటోందని అడిగాడు. అందరినీ అన్నా అని చెప్పాను.

"అందరంటే ఈడ నేనొక్కడినే కదమ్మా ఉండేది," అన్నాడు.

సారు కంప్యూటర్లో మాత్రం పరీక్షించలేదు. ఆయనకు అనుమతి ఇచ్చిందే నేను కదా, ఇంక పరీక్షించడం దేనికి?

ఆ తర్వాత నలభై రోజులు వాన పడలేదు. సారు రోజూ రిజిస్టర్లో గీతలు గీస్తూ వచ్చారు. కంప్యూటర్లో రాయడానికి ఏమీ లేదు. కాబట్టి నేను చేసిన పని ఎంత బాగా చేశానో ఎవరికీ తెలియలేదు. వాన లేదని మేము వారం వారం బులెటిన్ తీస్తూనే ఉన్నాం. ఫైలు చక్కగా తెరుచుకునేది, చక్కగా ఖాళీగా ఉండేది. భద్రంగా ఉందా అని మేడం ఒకసారి అడిగితే, ఒక్క అంకె కూడా చెక్కు చెదరలేదు మేడం అని గర్వంగా చెప్పాను.

నలభై ఒకటో రోజో, నలభై రెండో రోజో వాన పడింది. పడటమంటే మామూలుగా కాదు. మా పల్లెలో ఇంటి ముందు నీళ్లు వంక లాగా పారాయి. పొద్దున బస్సు దిగి, చెప్పులు చేతిలో పట్టుకొని బురదలో ఆఫీసుకు చేరేసరికి ఫోన్ మోగుతూనే ఉంది. వానల సారు నాకంటే ముందే వచ్చి, ఇస్త్రీ చొక్కాతో, తల దువ్వుకొని, ఎర్ర పెన్నుతో రిజిస్టర్ నింపుతున్నారు. మంచి వానకు ఆయన ఎర్ర సిరా వాడేవారు. ఆ పెన్ను బయటికి తీయడం నేను చూడటం అదే మొదలు. అన్ని ఊర్ల వాళ్లూ ఫోన్లో అరుస్తున్నారు. డబ్బా నిండి పొర్లిపోయిందని, పొర్లిపోయిన నీళ్లను ఎట్లా లెక్కపెట్టాలని యాడికి దర్జీ అడిగాడట. నిండినంత వరకే చెప్పు నాయనా, మిగతాది నేలకు తెలుసు అని సారు సర్దిచెప్పారు. నల్లమాడ అంగడాయన మాత్రం ఈసారి తమకు నిజంగానే పడిందని మూడుసార్లు చెప్పి ఫోన్ పెట్టాడట.

పది గంటలకు సారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పదిహేను నిమిషాల తర్వాత నన్ను పిలిచారు.

"ఏమ్మా, ఇది వానను తీసుకోవడంలేదే. మూడుసార్లు ఎక్కించినా. మూసి తెరిస్తే మల్లా ఖాళీగానే ఉండాది."

ముందు నేను నమ్మలేదు. ఆయన సేవ్ కొట్టడం మరిచిపోయారేమో అనుకొని నేనే కొట్టాను. వీల్లేదు, చదువుకోవడానికి మాత్రమే అంది. నెట్‌వర్క్ కోసం ఫోల్డర్‌ను పంచిన చోట ఇంకో పేజీ ఉంటుంది, అక్కడా అనుమతులు ఉంటాయి. వాటన్నిటికీ టిక్కులు పెట్టి పూర్తి అధికారం ఇచ్చాను. అయినా వీల్లేదంది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. ఆపి వేయడంలో గడిచిన ఐదు నిమిషాల్లో ఇంకో ఊరి నుంచి ఫోన్ వచ్చింది. తెరిచి చూస్తే మళ్లీ అదే మాట.

ఇంతలో కోఆర్డినేటర్ అన్న జీపు సిద్ధం చేసుకొని బులెటిన్ కోసం వచ్చాడు. సంగతి విని ఆయన ముఖం వెలిగిపోయింది. నలభై రోజులుగా ఆ ఫైలు తనను ఒక్కడినే అవమానిస్తోందని అనుకుంటున్నాడు. ఇప్పుడు సారు కూడా తనతో సమానం. వేరే పేరుతో సేవ్ చేసుకుంటే పోలా అని సలహా ఇచ్చాడు. మంచి సలహానే. నేను 'రెయిన్ టూ' అని సారు డెస్క్‌టాప్ మీద ఒకటి చేశాను. అన్న తన కంప్యూటర్లో 'రెయిన్ న్యూ' అని ఇంకోటి చేసుకున్నాడు. సారు రిజిస్టర్ చూసి ఒకదానిలో నింపుతుంటే, ఆలోగా కొత్తగా ఫోన్లో వచ్చిన అంకెలు అన్న ఇంకోదానిలో నింపాడు. రెండూ కలుపుదామని నేను 'రెయిన్ ఫైనల్' చేశాను. మేడం వచ్చి తన కోసం ఒక కాపీ అడిగితే 'రెయిన్ మేడం' కూడా తయారైంది. పదకొండున్నరకు మా ఆఫీసులో ఐదు రకాల వానలు ఉన్నాయి. అందులో మొదటిది, అసలుది, మాత్రం ఇంకా ఎండగానే ఉంది.

మేడం నాలుగు కాగితాలు టేబుల్ మీద పరిచి, వీటిలో ఏది నిజమని అడిగారు. సారు రిజిస్టర్ మూసి ఒడిలో పెట్టుకున్నారు.

అప్పుడు గోడ మీది పెన్సిల్ నంబరుకు ఫోన్ చేశాను. వైర్లు వేసిన ఆయన అదృష్టం కొద్దీ సీట్లోనే ఉన్నాడు. నేను ఏం చేశానో మొదటి నుంచి చెప్పుకొచ్చాను. అలౌ, డినై దగ్గరికి రాగానే ఆపాడు.

"ఎవ్రీవన్‌కు డినై పెట్టినావా? ఎవ్రీవన్ అంటే ఎవరనుకున్నావమ్మా?"

"మిగతా వాళ్లు అనుకున్నానన్నా."

ఆయన నిదానంగా విడమరిచి చెప్పాడు. అందరూ అంటే అందరూనేనట. సారు కూడా అందరిలోకి వస్తారు, నేను కూడా వస్తాను. ఒక మనిషికి ఒక చోట కూడదని, ఇంకో చోట సరేనని ఉంటే, కూడదన్న మాటే నెగ్గుతుందట. పసుపు త్రికోణంలో వచ్చింది అదే సంగతట. కంప్యూటర్ నాకు ముందే చెప్పింది, నేను ఎస్ అన్నాను. నేను పెట్టిన డినై తీసేయాలి. ఎవరినీ కూడదనే పనిలేదు. అందరికీ చదవడానికి మాత్రం అనుమతి ఇచ్చి, రాయడానికి సారు పేరుకే ఇవ్వాలి. ఇవ్వని మనిషి ఎటూ రాయలేడు.

ఫోన్ పెట్టేసి, తప్పు నాదేనని అందరి ముందూ చెప్పేశాను. మేడం ఏమంటారోనని భయపడ్డాను గానీ, ముందు మాట్లాడింది వానల సారు. ఆయనకు కోపం రాలేదు, వ్యాకరణం వచ్చింది.

"నేను బడిలో 'అందరూ బయటికి పోండి' అంటే పిల్లోళ్లు పోతారు. వాళ్లతో పాటు నేను కూడా పోవాల్నా? ఒకటో తరగతి వానికి కూడా తెలుసు కదమ్మా ఇది."

"దీనికి తెలీదు సార్," అన్నాను.

ఆయన కంప్యూటర్ వైపు జాలిగా చూశారు. నేను సెక్యూరిటీ పేజీ తెరిచి, ఎవ్రీవన్ మీద బాణం పెట్టాను. అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమని అరిచి, నేను టిక్కు తీసేలోపే అది కూడా ఆగిపోయింది. గాలికి లైన్ల మీద ఎక్కడో చెట్టు పడిందని, సాయంత్రం దాకా రాదని లైన్‌మన్ చెప్పాడట. ఊరంతా కరెంటు లేదు, జెరాక్స్ అంగళ్లూ మూసేశారు. పదును రెండు మూడు రోజులకు మించి ఆగదు. విత్తనం వేసేవాళ్లు ఆ మధ్యాహ్నమే తేల్చుకోవాలి.

చేత్తో రాద్దాం అన్నారు మేడం. బీరువాలో కార్బన్ కాగితాలు దొరికాయి. నలుగురం వరండాలో వెలుతురు చూసుకొని కూర్చున్నాం. ఎవరో ఒకరు రిజిస్టర్ చదవాలి, మిగతావాళ్లు రాయాలి. నా చేతిలో అప్పటికే కాగితాలు ఉన్నాయి, మేడం కూడా కూర్చున్నారు, దిద్దే పని సారుది. ఇక చదవడానికి ఖాళీగా ఉన్నది కోఆర్డినేటర్ అన్న ఒక్కడే. సారు రిజిస్టర్ ఆయన ముందుకు తోశారు. నా వైపు చూడకుండా తోశారు.

అన్న జీవితంలో ఎప్పుడూ అంత నిదానంగా ఏదీ చదివి ఉండడు. ఒక్కో ఊరు పేరు చెప్పి, వేలు ఆ వరుస మీదే ఉంచి, సారు వైపు చూసేవాడు. సారు ఆ పేరు, ఆ అంకె మళ్లీ చెప్పి తల ఊపితేనే వేలు కిందకు జరిపేవాడు. నల్లమాడ వచ్చినప్పుడు ఇద్దరూ ఆగారు.

"నల్లమాడ," అన్నాడు అన్న.

"నల్లమాడ. బాగ చూసి చెప్పు."

"చూసే చెప్తాండా సార్. ఇది నల్లమాడదే."

నేను నవ్వు ఆపుకోలేక కాగితాల వెనక ముఖం దాచుకున్నాను. చూస్తే మేడం కూడా అదే పనిలో ఉన్నారు.

రాసినవన్నీ సారు పరీక్ష పేపర్లలాగా దిద్దారు. నాకు రెండు తప్పులు పడ్డాయి. మేడం 'వర్షం'లో 'ష' బదులు 'స' రాశారని ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, మళ్లీ రాయమని ఆమెకే ఇచ్చారు. ఆమె మారుమాట లేకుండా రాసిచ్చారు. రెండు గంటలకు జీపు బయలుదేరింది.

సాయంత్రం నాలుగున్నరకు కరెంటు వచ్చింది. డినై టిక్కు తీసేశాను. అందరికీ చదవడానికి, సారుకు రాయడానికి అనుమతి ఇచ్చాను. ఈసారి తెర మీద వచ్చిన ప్రతి అక్షరం చదివాను. సారును కూర్చోబెట్టి ఒక ఊరు కొట్టమన్నాను. ఆయన కొట్టి, సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి, ముఖం తెరకు దగ్గరగా పెట్టి చూశారు. ఉండాది అన్నారు. తర్వాత మిగతావన్నీ ఎక్కించారు. ఐదు వానల్లో నాలుగింటిని నేను తుడిచేశాను.

మరుసటి రోజు అన్న ఒక సంగతి మోసుకొచ్చాడు. చేత్తో రాసిన బులెటిన్లు ఊర్లలో జనానికి తెగ నచ్చాయట. కంప్యూటర్‌ది అయితే నమ్మాలో లేదో తెలియదు, ఇది మనిషి చూసి రాసింది అన్నారట.

రెండు వారాల తర్వాత వానల సారు నన్ను పిలిచి, ఆ పేర్ల పేజీ చూపించమన్నారు. చూపించాను. రాయడానికి తన పేరు ఒక్కటే ఉండటం కాసేపు చూశారు. ఆయనకు కంటిలో పొర వచ్చిందని, కర్నూలులో ఆపరేషన్‌కు రోజు ఇచ్చారని అప్పుడు చెప్పారు. అంకెలు మసకగా కనిపిస్తున్నా అన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

"నేను లేనప్పుడు వాన పడితే ఎట్ల? ఆయప్ప పేరు కూడా దీంట్లో ఎక్కించమ్మా," అన్నారు.

ఆయప్ప అంటే కోఆర్డినేటర్ అన్న. మేడం ఒప్పుకున్నారు. నేను పేరు చేర్చి అన్నకు చెబితే, ఆయన సంతోషించడానికి బదులు భయపడ్డాడు. తాను రాసేటప్పుడు పక్కన నేను ఉండాలన్నాడు. ఒక చిన్న వాన పడితే, ఒక్క అంకె కొట్టడానికి పది నిమిషాలు తీసుకున్నాడు. కొట్టాక పైకి, కిందికి, పక్కకు గడులన్నీ గట్టిగా చదివాడు.

సారు ఆపరేషన్ అయిన మరునాడే యాడికిలో మళ్లీ మంచి వాన పడింది. అన్న అంకె కొట్టాడు గానీ సేవ్ నొక్కలేదు. చేయి పైకి లేపి, అట్లాగే పట్టుకొని, కర్నూలు ఆసుపత్రికి ఫోన్ కలపమన్నాడు. ఎవరినో బతిమాలి సారును ఫోన్ దగ్గరికి పిలిపించాం. నూట యాభై కిలోమీటర్ల అవతల కంటికి కట్టుతో నిలబడిన సారుకు అన్న ఊరు, అంకె చెప్పి, రాసేదా సార్ అని అడిగాడు. నాక్కూడా వినబడేంత గట్టిగా సారు జవాబు చెప్పారు.

"పడింది కదప్పా. నన్ను అడిగేదేముండాది, రాయి."